బ్యాంకు పీఓ ఇంటర్వ్యూ: చూపు ఎటు పెట్టాలి, చేతులు ఎక్కడ పెట్టాలి?

పల్నాటి_మిర్చి

అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్ రాత పరీక్ష గట్టెక్కాను, ఇంటర్వ్యూ కాల్ లెటర్ వచ్చింది. మాది నరసరావుపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. నాన్న మిర్చి, పత్తి వేస్తాడు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఉద్యోగం చేయలేదు.

సబ్జెక్టు గురించి పెద్ద భయం లేదు. టెన్షన్ అంతా బాడీ లాంగ్వేజ్ గురించే. కోచింగ్‌లో దీని మీదే ప్రత్యేకంగా క్లాసు పెట్టారు. మనం చెప్పే మాటల విలువ 7 శాతమేనట, గొంతుది 38, మిగతా 55 శాతం శరీరానిదేనట. అవతలివాళ్ల కళ్లలోకే చూస్తుండాలి, చిరునవ్వు చెరగకూడదు, లోపలికి వెళ్లే ముందు బాత్రూంలో రెండు నిమిషాలు చేతులు పైకెత్తి నిలబడాలి అన్నారు. ఇవన్నీ గుర్తుపెట్టుకుంటుంటే అడిగిన ప్రశ్న గుర్తుండటం లేదు.

పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు తల దించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాన్న ఏదైనా అంటున్నప్పుడు సూటిగా చూస్తే "ఏంట్రా ఆ చూపు" అంటాడు. ఇప్పుడు అంతమంది ఆఫీసర్ల కళ్లలోకి చూడమంటే ఎలా? చేతులు ఒళ్లో పెట్టుకోవాలా, బల్ల మీదా? షేక్‌హ్యాండా, నమస్కారమా? కూర్చుంటే కాలు ఊపే అలవాటు కూడా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

విశ్రాంత_బ్యాంకరు

బాబూ, అభినందనలు. లక్షల మందిలో మెయిన్స్ దాటడమే పెద్ద గండం, అది దాటావు. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ప్యానెల్‌లో బల్లకు అవతలివైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి అటునుంచి ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు లెక్క తెలుసుకో. ఇంటర్వ్యూ 100 మార్కులకు. జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35 శాతం వస్తే అర్హత. తుది జాబితాలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 వెయిటేజీ. అంటే నీ పనిలో ఎక్కువ భాగం అయిపోయింది. ఆ మిగిలిన 20లో కూడా చేతులు ఎక్కడ పెట్టాడని ఎవరూ మార్కులు వేయరు.

తలుపు దగ్గర అనుమతి అడిగి లోపలికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేయి. ముందు ఛైర్మన్‌ను, తర్వాత అందరినీ కలిపి విష్ చెయ్యి. మహిళా సభ్యురాలు ఉంటే "గుడ్ మార్నింగ్ మేడం" అని విడిగా చెప్పు. చాలామంది "గుడ్ మార్నింగ్ సర్స్" అని ఆమెను వదిలేస్తారు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. షేక్‌హ్యాండ్‌కు నువ్వు ముందుగా చెయ్యి చాచకు. బల్ల అవతల నలుగురైదుగురు ఉంటారు, ఎవరికని ఇస్తావు? వాళ్లు చాస్తే ఇవ్వు. నమస్కారం పెట్టినా ఏ తప్పూ లేదు. కూర్చోమన్నాక కుర్చీని ఈడ్చకుండా ఎత్తి జరుపుకో. ఫైలు ఒళ్లో ఉంచుకో, చేతులు దాని మీద ఉంటాయి.

నేను నిజంగా గమనించేది ఇంకొకటి. పక్కన కూర్చున్న సభ్యుడు ప్రశ్న వేస్తాడు, అభ్యర్థి మాత్రం ఛైర్మన్‌నే చూస్తూ జవాబు చెబుతాడు. బ్రాంచిలో కస్టమర్ అడిగినప్పుడు కూడా మేనేజర్ ముఖం చూసి జవాబిస్తాడేమో అనిపిస్తుంది. ఎవరు అడిగితే వాళ్ల వైపు కొద్దిగా తిరిగి చెప్పు. తెలియని ప్రశ్న వస్తే "సారీ సర్, తెలియదు" అని నిటారుగా కూర్చునే చెప్పు. తెలియదన్న తర్వాత కుంగిపోయి, ఆ పై మూడు ప్రశ్నలకు తెలిసిన జవాబులు కూడా గొణిగినవాళ్లను చాలామందిని చూశాను. ప్యానెల్‌కు ఆ ఒక్క "తెలియదు"తో ఇబ్బంది లేదు.

సాగరతీరం_విశాఖ

కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఆ 7-38-55 లెక్క గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. అది విని ఎంతమంది పిల్లలు జవాబులు చదవడం మానేసి అద్దం ముందు నిలబడుతున్నారో చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

అమెరికాలో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి చెందిన సైకాలజిస్టు ఆల్బర్ట్ మెహ్రాబియన్ బృందాలు 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి ఆ అంకెలు వచ్చాయి. వాటిలో ఉద్యోగ ఇంటర్వ్యూ లేదు, సంభాషణే లేదు. ఒక్కొక్క మాటను రకరకాల స్వరాల్లో రికార్డు చేసి వినిపించారు, ఇంకో దాంట్లో ముఖాల ఫొటోలు కూడా చూపించారు. మాటకూ స్వరానికీ ముఖానికీ పొంతన లేనప్పుడు, ఆ మనిషికి ఇష్టమా అయిష్టమా అన్నది విన్నవాళ్లు దేన్నిబట్టి ఊహిస్తారు? వాళ్లు తేల్చాలనుకున్నది అంతే. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడని చోట ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పాడు. రెపో రేటుకూ బ్యాంకు రేటుకూ తేడా అడిగితే 55 శాతం జవాబు భుజాల్లో ఉండదు కదా.

చేతులెత్తి నిలబడటం సంగతి కూడా అలాంటిదే. 2010లో 42 మందితో ఒక పరిశోధన చేసి, అలా నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారతాయన్నారు. 2012లో దాని మీద ఇచ్చిన ప్రసంగం ప్రపంచమంతా చూసింది. 2015లో 200 మందితో మళ్లీ చేస్తే ధైర్యంగా అనిపించిందన్నారే గానీ హార్మోన్లలో మార్పేమీ కనబడలేదు. మొదటి పరిశోధనా పత్రంలో మొదటి పేరు డానా కార్నీది. ఆవిడే 2016లో, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాసింది. ఎంత నిజాయితీ! మన కోచింగుల్లో మాత్రం పాత పాఠమే నడుస్తోంది.

గచ్చిబౌలి_హెచ్‌ఆర్

సాగరతీరం గారితో సగమే ఏకీభవిస్తాను. అంకెలు తప్పు, సరే. కానీ మొదటి చూపుకు విలువ లేదనుకుంటే ఆ పిల్లవాడు నష్టపోతాడు. ముఖాన్ని సెకనులో పదో వంతు సేపు చూపించినా జనం ఈ మనిషి సమర్థుడా, నమ్మదగినవాడా అని తేల్చేస్తారని 2006లో ప్రిన్‌స్టన్ పరిశోధకులు జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడరోవ్ చూపించారు. ఎక్కువ సేపు చూపిస్తే ఆ అభిప్రాయం మీద నమ్మకం పెరిగింది గానీ అభిప్రాయం పెద్దగా మారలేదు. షేక్‌హ్యాండ్ మీద కూడా 2008లో అమెరికాలోని ఐయోవాలో మాక్ (నమూనా) ఇంటర్వ్యూలతో పరిశోధన జరిగింది. చెయ్యి గట్టిగా, సరిగ్గా కలిపినవాళ్లకు సిఫారసు మెరుగ్గా వచ్చింది. ఇది న్యాయమని నేను అనడం లేదు, జరుగుతుందని అంటున్నాను.

ఐటీ కంపెనీలో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేయడం నా పని. జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో నాకు కనబడేది కాలు ఊపడం కాదు, అతి వినయం. కుర్చీ అంచున కూర్చుంటారు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేచి వెళ్లమంటారన్నట్టు. ప్రశ్న అడగగానే సగం లేస్తారు. వాక్యానికి మూడు "సర్"లు. చేతులు కట్టుకుని ఉంటారు. అది మన ఇళ్లలో, బళ్లలో నేర్పిన మర్యాదే, నాకు తెలుసు, నేనూ అదే నేర్చుకున్నాను. కానీ తెలియనివాళ్లు దాన్ని మర్యాదగా చదవరు, సబ్జెక్టు రాక భయపడుతున్నాడనుకుంటారు.

ఇంకొకటి, గొంతు. వాక్యం మొదలు బాగుంటుంది, చివరికొచ్చేసరికి మింగేస్తారు. మన వాక్యానికి అసలు సంగతి చివర్లోనే ఉంటుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు కూడా చివరి మాట వినపడాలి. పల్నాటి తమ్ముడూ, వెన్ను కుర్చీకి ఆనించి కూర్చో, చివరి మాట దాకా గొంతు నిలబెట్టు. నా అనుభవంలో ఈ రెండింటితోనే మనిషి మారిపోయినట్టు కనిపిస్తాడు.

సాగరతీరం_విశాఖ

మీరు చెప్పిన 2006 పరిశోధన నిజమే మేడం. అయితే మొదటి చూపుకు అంత త్వరగా లొంగిపోతాం కాబట్టే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ అనే పద్ధతి వచ్చింది. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, జవాబుకు ముందే అనుకున్న కొలత ప్రకారం మార్కులు వేయడం. 1998లో ష్మిట్, హంటర్ చేసిన పెద్ద సమీక్షలోనూ, 2022లో శాకెట్ బృందం చేసినదాంట్లోనూ, మామూలు పిచ్చాపాటీ ఇంటర్వ్యూ కంటే ఇదే మనిషి పనితీరును బాగా అంచనా వేస్తుందని తేలింది. కుర్చీ అంచున కూర్చున్నవాణ్ణి తక్కువగా చూసే అలవాటును మార్చుకోవాల్సింది ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా. మీ కంపెనీలో మీరు ఆ మార్పు తేగల స్థానంలో ఉన్నారు.

గచ్చిబౌలి_హెచ్‌ఆర్

ఒప్పుకుంటాను. మా దగ్గర ప్రశ్నల జాబితా ఉంది, స్కోరు కాగితం కూడా ఉంది. కొందరు మేనేజర్లు దాన్ని ఇంటర్వ్యూ అయ్యాక నింపుతారు, అక్కడే చిక్కు. దాని మీద లోపల గట్టిగానే మాట్లాడుతున్నాను.

పల్నాటి_మిర్చి

అందరికీ థాంక్స్. మేడం చెప్పిన కుర్చీ అంచు, సగం లేవడం అచ్చం నేనే. కానీ కళ్ల సంగతి ఇంకా తేలలేదు. ఒకే మనిషి కళ్లలోకి చూస్తూ మాట్లాడితే నాకు జవాబు మరిచిపోతోంది.

ఓరుగల్లు_అక్క

తమ్ముడూ, నేను పీఓగా చేరి ఇప్పుడు బ్రాంచిలో పనిచేస్తున్నాను. మాదీ నీలాంటి ఇల్లే. తల ఎత్తి మాట్లాడితే "ఆడపిల్లకు అంత ధైర్యమా" అనేవాళ్లు చుట్టాలు. కాబట్టి నీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

కళ్లలోకే చూస్తూ ఉండాలన్నది ఎవరో తెలియక చెప్పిన మాట. మనుషులు ఎవరూ అలా మాట్లాడుకోరు. ఎదుటివాళ్లు ప్రశ్న అడుగుతున్నంత సేపు వాళ్ల ముఖం చూడు, వింటున్నావని తెలుస్తుంది. ఆలోచించుకునేటప్పుడు చూపు పక్కకు తిప్పుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. జవాబు మొదలుపెట్టేటప్పుడు మళ్లీ వాళ్ల వైపు రా. కళ్లు కష్టమైతే కనుబొమల మధ్య చూడు, వాళ్లకు తేడా తెలియదు. కిందికి మాత్రం చూడకు, ఎందుకంటే కిందికి చూస్తే గొంతు కూడా కిందికే పోతుంది.

నేను అభ్యాసం ఇంట్లోనే చేశాను. బాబాయిని, మేనత్తను, మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి ఏదో ఒకటి అడగమన్నాను. వాళ్లకు బ్యాంకింగ్ తెలియదు, ఐనా ఫరవాలేదు. పెద్దవాళ్ల ఎదురుగా కూర్చుని తలెత్తి మాట్లాడటమే నాకు కావలసిన అభ్యాసం. మొదట్లో మేనత్త నవ్వింది. తర్వాత ఆవిడే "మాట మింగుతున్నావే, గట్టిగా చెప్పు" అనడం మొదలుపెట్టింది. నువ్వు నాన్ననే కూర్చోబెట్టు. ఇది ఉద్యోగం కోసమని చెబితే "ఏంట్రా ఆ చూపు" అనడు.

ఇంకో పద్ధతి. ఫోన్‌లో వీడియో తీసుకుని శబ్దం ఆపేసి చూడు. మన అలవాట్లు అప్పుడు కనిపిస్తాయి. నాకు మాటిమాటికీ చున్నీ సర్దుకునే అలవాటుందని అలాగే తెలిసింది. ఇంటర్వ్యూకి కాటన్ చీర కట్టుకుని పిన్నులు సరిగ్గా పెట్టుకున్నాను, చేతికి ఆ పని లేకుండా పోయింది. నీ కాలుకూ అంతే, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనించి కూర్చుంటే ఊపడానికి వీలుండదు.

చిరునవ్వు లోపలికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చాలు. మొండి బకాయిల గురించి అడుగుతుంటే నవ్వుతూ కూర్చుంటే బాగోదు.

గొంతు_గుర్తు

రాజమండ్రి నుంచి. నాకు పుట్టుకతోనే చూపు చాలా తక్కువ. ఎదుటి మనిషి కళ్లు నాకు కనబడవు, కళ్లలోకి చూడమన్న సలహాతో నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇప్పుడు ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తున్నాను.

ఇంటర్వ్యూలో కూర్చోగానే "నాకు చూపు తక్కువ సర్, మీ గొంతును బట్టి మీ వైపు తిరిగి మాట్లాడతాను" అని చెప్పాను. ఛైర్మన్ వెంటనే ప్యానెల్ సభ్యులను ఒక్కొక్కరుగా పలకమన్నారు, ఎవరు ఎటున్నారో నాకు తెలిసింది. ఆ తర్వాత మామూలు ఇంటర్వ్యూలాగే సాగింది. మనం ఎవరి మాట వింటున్నామో వాళ్లకు తెలియాలి, అంతవరకే. దానికి ముఖం తిప్పడం చాలు. నత్తి ఉన్నవాళ్లు, చెయ్యి వణికేవాళ్లు కూడా ముందే ఒక్క మాట చెప్పేస్తే మంచిదని నా నమ్మకం. దాచిపెట్టడానికి పడే శ్రమ జవాబు మీద పెట్టవచ్చు.

పాలమూరు_బిడ్డ

ఇదంతా చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తోంది. ఎందుకు ఈ బాధ పల్లె పిల్లలకే? కాన్వెంట్లో చదివినోళ్లకు ఈ కుర్చీ అంచు సమస్య ఉండదు కదా. ఇంటర్వ్యూల్లో అన్యాయం జరుగుతుందనే కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ బీ నాన్ గెజిటెడ్, సీ, డీ పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2కు కూడా తీసేశారు. బ్యాంకులకు మాత్రం ఎందుకు? పరీక్షలో మార్కులు తెచ్చుకున్నోడిని పదిహేను నిమిషాల్లో కూర్చోబెట్టి కొలుస్తారా?

విశ్రాంత_బ్యాంకరు

నీ ఆవేదనలో నిజం ఉంది. ఇంగ్లిష్ ధారాళంగా రావడాన్ని తెలివితేటలుగా లెక్కకట్టే సభ్యులను నేను చూశాను, వాళ్లతో వాదించాను కూడా. కానీ పీఓ అంటే చేరిన కొన్నేళ్లకే బ్రాంచి చూసుకోవాలి, లోన్ రాదని ముఖం మీద చెప్పాలి, కోపంగా వచ్చిన ఖాతాదారును కూర్చోబెట్టి మాట్లాడాలి. మనిషిని ఒకసారి ఎదురుగా చూడటం అవసరమనే ఇప్పటికీ అనుకుంటున్నాను. 20 వెయిటేజీ ఎక్కువా తక్కువా అంటే వాదించుకోవచ్చు.

భాష గురించి ఒక మాట. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన రోణంకి గోపాలకృష్ణ తెలుగులో పరీక్ష రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి, 2016 సివిల్స్‌లో దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. యూపీఎస్సీ ఆ అవకాశం ఇస్తుంది. బ్యాంకులు కూడా మాతృభాషకు చోటిస్తే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పల్లె బ్రాంచిలో పని జరిగేది తెలుగులోనే కదా.

డాలస్_తెలుగు

ఇక్కడి నుంచి ఒక చిన్న మాట. మనం "అవును" అనడానికి తల పక్కలకు ఆడిస్తాం చూడండి, అమెరికన్లకు అది అవునో కాదో అర్థం కాదు. ఇక్కడ ఇంటర్వ్యూలకు వెళ్లే మనవాళ్లు నోటితో "యెస్" అని చెప్పడం అలవాటు చేసుకోవాలి. వీడియో ఇంటర్వ్యూల్లో ముఖకవళికలను కంప్యూటర్ కొలుస్తుందని భయపడేవాళ్లు కూడా ఉన్నారు. హైర్‌వ్యూ అనే పెద్ద సంస్థ విమర్శలు వచ్చాక ముఖాన్ని విశ్లేషించడం ఆపేసినట్టు 2021 జనవరిలో ప్రకటించింది. కెమెరాను కంటి ఎత్తులో పెట్టుకోండి, వెలుతురు ముఖం మీద పడేలా చూసుకోండి. మిగతాది జవాబే.

విశ్రాంత_బ్యాంకరు

పల్నాటి బాబూ, ఈ ఆదివారం వీడియో కాల్‌లో మాక్ పెడదామా? ఓరుగల్లు అమ్మాయి కూడా వస్తానంటే బాగుంటుంది.

ఓరుగల్లు_అక్క

తప్పకుండా సార్.

ఓరుగల్లు_అక్క

మాక్ అయింది. తమ్ముడి అనుమతితోనే రాస్తున్నాను, మిగతావాళ్లకూ పనికొస్తుందని.

మొదటి ప్రశ్న మామూలే, నీ గురించి చెప్పు. కోచింగ్‌లో రాసిచ్చిన పేరా అప్పజెప్పాడు. కళ్లు పైకప్పు మీద, చేతులు కట్టుకుని, ముఖం మీద కదలని నవ్వు. బాసెల్ నిబంధనల (బ్యాంకులు ఎంత మూలధనం ఉంచుకోవాలన్న అంతర్జాతీయ నియమాలు) గురించి అడిగితే చెప్పాడు, సరిగ్గానే చెప్పాడు, కానీ చివరి మాటలు వినపడలేదు.

అప్పుడు సార్ అడిగారు: "మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీ రసీదు తెచ్చి లోన్ అడిగితే ఏం చూస్తావు?" అంతే, కుర్చీలో ముందుకు జరిగాడు. సరుకు ఏ రకం, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), తాలు (నాసిరకం కాయ) ఎంత కలిసింది, రంగు పోయే ప్రమాదం ఉందా, యార్డులో ధర ఎలా ఉంది, రసీదు ఇచ్చిన గోదాముకు గుర్తింపు, బీమా ఉన్నాయా, ఇంతకుముందే దాని మీద అప్పు ఉందా అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, సకాలంలో కడితే 4 శాతమే పడుతుందని, మా ఊళ్లో ఇది తెలియక బయట అప్పులు చేస్తున్నారని కూడా చెప్పాడు. టిక్కీ ఎంతుంటుందో చేతులు చాచి చూపించాడు. సూటిగా సార్ వైపే చూశాడు. కాలు ఊగిందో లేదో మాకు కనపడలేదు, అడిగితే తనకూ గుర్తులేదన్నాడు.

విశ్రాంత_బ్యాంకరు

ఆ పేరా పక్కన పెట్టేయమని చెప్పాను. పరిచయంలోనే మిర్చి, పత్తి, నాగార్జునసాగర్ కుడి కాలువ, నాన్న వ్యవసాయం రావాలి. ప్యానెల్ నీ పరిచయంలోంచే తర్వాతి ప్రశ్న తీస్తుంది. నీకు తెలిసిన చోటికి వాళ్లను నువ్వే తీసుకురా. డ్వాక్రా సంఘాల రుణాల గురించి అమ్మను అడిగి తెలుసుకో. ఇంగ్లిష్‌లో తడబడితే ఆగి, చిన్న వాక్యంలో మళ్లీ చెప్పు.

సాగరతీరం_విశాఖ

ఇది చదివి ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మా పిల్లలకు రేపు క్లాసులో చదివి వినిపిస్తాను, పేరు చెప్పకుండా.

పల్నాటి_మిర్చి

సార్‌కి, అక్కకి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రోజూ రాత్రి నాన్నతో కూర్చుంటున్నాను. నిన్న ఆయనే "యార్డులో కమీషన్ ఎంత కోస్తారో తెలుసా" అని అడిగాడు. ఒక చిన్న సందేహం, బూట్లు కొత్తవి కొనాలా? నా దగ్గర ఉన్నవి పాతవి.

గచ్చిబౌలి_హెచ్‌ఆర్

కొనకు. కొత్తవి కరుస్తాయి, నడక మారుతుంది. పాతవి పాలిష్ చేయించు. లేత రంగు చొక్కా, ముదురు ప్యాంటు, చొక్కా ఒకసారి వేసుకుని కూర్చుని చూసుకో, బిగుతుగా ఉంటే మార్చు.

విశ్రాంత_బ్యాంకరు

ముందురోజే సెంటర్ ఉన్న ఊరికి చేరుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఒక జత జిరాక్సులు, కాల్ లెటర్, ఫొటో గుర్తింపు కార్డు. ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ఫార్మాట్‌లో ఉందా, తేదీ సరిపోతుందా అని కాల్ లెటర్‌లో రాసినదానితో పోల్చి చూసుకో. సర్టిఫికెట్లు చూసే దగ్గర ఆపేస్తే బయటే టెన్షన్ పడి, అదే ముఖంతో లోపలికి వస్తారు.

పల్నాటి_మిర్చి

చూశాను సార్, నాది రాష్ట్ర ఫార్మాట్‌లో ఉంది. పొద్దున్నే సచివాలయానికి, అక్కడి నుంచి తహసీల్దారు ఆఫీసుకు వెళ్తున్నాను.